పారే నీటి నుంచి విద్యుత్తు: వేగం కన్నా ఎత్తే ఎందుకు కీలకం?

ఏటా వానకాలంలో కృష్ణానదికి ఎగువ నుంచి వరద మొదలు కాగానే రెండు అంకెలు వార్తల్లో తరచూ వినిపిస్తాయి. శ్రీశైలం జలాశయంలో 885 అడుగులకు గాను నీటిమట్టం ఎంత? నాగార్జునసాగర్‌లో 590 అడుగులకు గాను ఎంత? ఈ అంకెలను చాలామంది సాగునీటి లెక్కగానే చదువుతారు. జలవిద్యుత్ ఇంజినీరు మాత్రం మొదటి దాని నుంచి రెండవ దానిని తీసివేసి చూస్తారు. రెండు జలాశయాలూ నిండితే ఆ తేడా 295 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్కేంద్రాలు పనిచేసేది ఈ తేడా మీద ఆధారపడే.

ఇక్కడ సామాన్య పాఠకుడికి ఒక సందేహం కలగడం సహజం. నదుల్లో, కాలువల్లో నెలల తరబడి ఇంత నీరు పారుతూనే ఉంటుంది కదా. ఆనకట్టలు కట్టి ఊళ్లను ముంచే బదులు, పారే నీటిలోనే చక్రాలు దించి విద్యుత్తు తీయకూడదా? కాలువలో చిన్న టర్బైను తిరుగుతుండగా పక్కన బల్బు వెలుగుతున్న వీడియోలు చూసినవారికి ఈ సందేహం మరింత బలపడుతుంది. ఆ వీడియోల్లోని బల్బు అబద్ధం కాదు. అయితే ఒక బల్బు వెలగడానికీ, ఒక పట్టణం వెలగడానికీ మధ్య ఉన్న దూరం ఆ వీడియోల్లో కనిపించదు.

ఒక టీఎంసీ, రెండు లెక్కలు

ప్రవహించే నీటిలో శక్తి రెండు రూపాల్లో ఉంటుంది. కదులుతున్నందువల్ల కలిగేది గతిజశక్తి. ఎత్తున ఉన్నందువల్ల కలిగేది స్థితిజశక్తి. రెండింటినీ ఒకే కొలమానంతో పోల్చడానికి ఇంజినీర్లు ఒక సులువైన పద్ధతి పాటిస్తారు: ఈ వేగం నీటికి రావాలంటే అది ఎంత ఎత్తు నుంచి పడాలి? సెకనుకు ఒక మీటరు వేగం రావాలంటే 5 సెంటీమీటర్ల ఎత్తు చాలు. సెకనుకు రెండు మీటర్లకు 20 సెంటీమీటర్లు. మనిషి కాళ్లు నిలవనివ్వని మూడు మీటర్ల వేగానికి సైతం 46 సెంటీమీటర్లు. అంటే, ఉరకలు వేస్తూ భయపెట్టే నదిలోని గతిజశక్తి మోకాలెత్తు నుంచి జారిన నీటి శక్తికి మించదు.

దీనిని టీఎంసీల్లోకి మార్చి చూద్దాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. అంత నీరు 90 మీటర్ల ఎత్తు నుంచి పడితే విడుదలయ్యే శక్తి దాదాపు 70 లక్షల యూనిట్లు. యంత్రాల్లో, సొరంగాల్లో పోయేది తీసివేసినా 60 లక్షల యూనిట్ల వరకు చేతికి రావచ్చు. అదే ఒక టీఎంసీ నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో కాలువలో పారిపోతుంటే, దాని కదలికలో ఉన్న మొత్తం శక్తి 4 వేల యూనిట్ల లోపే. నీరు అదే, పరిమాణం అదే. తేడా మాత్రం దాదాపు 1,750 రెట్లు.

కాలువ వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. 50 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతున్న పెద్ద కాలువలో నీరు సెకనుకు మీటరు వేగంతో పారుతోందనుకుందాం. అది దాదాపు 7 వేల క్యూసెక్కుల ప్రవాహం, చిన్నదేమీ కాదు. కాలువను అడ్డంగా కోసి చూస్తే ప్రతి చదరపు మీటరు గుండా వెళ్లే గతిజశక్తి సెకనుకు 500 జౌళ్లు, అంటే 500 వాట్లు. కాలువ మొత్తానికి 100 కిలోవాట్లు. ఇది పూర్తిగా చిక్కదు. నీటిలోని కదలికనంతా లాగేసుకుంటే నీరు అక్కడే ఆగిపోతుంది, వెనుక నుంచి వచ్చేది పక్కకు తొలగిపోతుంది. స్వేచ్ఛగా పారే ప్రవాహం నుంచి ఏ చక్రమైనా 59.3 శాతానికి మించి శక్తిని గ్రహించలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ శతాబ్దం క్రితమే నిరూపించారు. యంత్ర నష్టాలు కూడా కలిపితే ఆ మహా కాలువ నుంచి వచ్చేది 40 కిలోవాట్ల చుట్టుపక్కలే. అందుకోసం కాలువను చక్రాలతో నింపేస్తే ఎగువన నీటిమట్టం పెరిగి గట్లు పొర్లే ప్రమాదం వేరు.

అదే కాలువలో ఒకచోట రెండు మీటర్ల దిగుడు ఉందనుకోండి. అదే 7 వేల క్యూసెక్కులకు అక్కడ 3,900 కిలోవాట్లు లభిస్తాయి. మన కాలువల మీద మినీ హైడల్ కేంద్రాలన్నీ ఇలాంటి దిగుళ్ల వద్దనే వెలిశాయి. పశ్చిమ డెల్టా కాలువలపై చెట్టిపేట వద్ద ఉన్న ఒక మెగావాటు కేంద్రం అందుకు ఉదాహరణ. కాబట్టి కాలువ విద్యుత్తు అసాధ్యమని చెప్పడం తప్పు. ఎక్కడ పడితే అక్కడ సాధ్యమని చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు.

మరి గాలి సంగతేమిటి? గాలీ ప్రవాహమే, అది నీటికన్నా 800 రెట్లకు పైగా పలుచన. గాలిమరలు మెగావాట్లలో ఎలా ఉత్పత్తి చేస్తున్నాయి? మొదటి కారణం వేగం. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 600 వాట్లు మోసుకొస్తుంది. నెమ్మదిగా పారే కాలువ నీటికి ఇది సమానమే. రెండవ కారణం చోటు. వంద మీటర్ల వ్యాసమున్న గాలిమర ఆకాశంలో 7,850 చదరపు మీటర్లను ఊడ్చేస్తుంది. మనం చెప్పుకున్న కాలువ నిలువుకోత మొత్తం 200 చదరపు మీటర్లే. ఆకాశానికి గట్లు లేవు, కాలువకు ఉన్నాయి.

ఫారడే థేమ్స్ నదిపై చేసిన ప్రయత్నం

తెలుగులో విద్యుత్తుకు జనం వాడే మాట ‘కరెంటు’. ఇంగ్లిషులో ఆ మాటకు అసలు అర్థం ప్రవాహం. విద్యుత్తుకు నీటి నుంచే ఈ పేరు వచ్చింది. తమాషా ఏమిటంటే, చక్రాలేవీ లేకుండా నేరుగా నదీ ప్రవాహం నుంచే విద్యుత్ప్రవాహాన్ని తీయాలని ప్రయత్నించినవారు కూడా ఉన్నారు. వారు సాక్షాత్తూ మైకేల్ ఫారడే.

అయస్కాంత క్షేత్రంలో వాహకం కదిలితే విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో కనుగొన్నారు. ఉప్పు కలిసిన నీరు కూడా వాహకమే. భూమి స్వయంగా ఒక అయస్కాంతం. అలాంటప్పుడు సముద్రపు పోటుపాట్లతో కదిలే థేమ్స్ నదిలో ఒక గట్టు నుంచి మరో గట్టుకు విద్యుత్తు పుట్టాలి కదా? 1832 జనవరిలో ఆయన లండన్‌లోని వాటర్లూ వంతెన పిట్టగోడ వెంబడి 960 అడుగుల రాగి తీగ పరిచి, దాని రెండు కొనలకు లోహపు పలకలు కట్టి నదిలోకి దించారు. సూచిక ముల్లు కదిలింది గానీ ఒక క్రమం లేకుండా కదిలింది. పలకల వద్ద జరిగే రసాయన చర్యలు, నీటి ఉష్ణోగ్రతలో తేడాలు అసలు సంకేతాన్ని మింగేశాయి.

ఆయన ఊహలో లోపం లేదు. సెకనుకు మీటరు వేగంతో పారే నదికి ఆ వంతెన పొడవున భూ అయస్కాంతత్వం వల్ల పుట్టేది వోల్టులో వందో వంతుకు కాస్త పైన. నాటి పరికరాలకు అది అందలేదు. ఆ సూత్రమే నేడు నగరాల మంచినీటి పైపులైన్లలో ఎంత నీరు వెళుతోందో కొలిచే విద్యుదయస్కాంత మీటర్లలో పనిచేస్తోంది. అక్కడ కావలసింది శక్తి కాదు, సంకేతం మాత్రమే. నీటికి బదులు రెండు వేల డిగ్రీలకు మించి కాగిన విద్యుదావేశ వాయువును బలమైన అయస్కాంతాల మధ్య పారించి విద్యుత్తు తీసే పద్ధతిని గత శతాబ్దంలో అనేక దేశాలు ప్రయత్నించాయి. మన దేశంలో తిరుచిరాపల్లిలో ప్రయోగాత్మక కేంద్రం నెలకొల్పారు. అంత వేడిని దీర్ఘకాలం తట్టుకునే పదార్థాలు దొరకక ఆ దారి ప్రయోగశాలల్లోనే ఆగింది.

కాబట్టి ప్రపంచం చక్రం దగ్గరికే తిరిగి వచ్చింది. ‘టర్బైన్’ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం సుడి, గిరగిర తిరిగేది. ఏ చక్రం వాడాలో నిర్ణయించేది కూడా ఎత్తే. నీలగిరుల్లోని పైకారా పథకంలో మాదిరిగా నీరు 900 మీటర్లకు పైగా పడేచోట పెల్టన్ చక్రం వాడతారు; సన్నని నీటిధార గిన్నెల వంటి రేకులను బలంగా కొట్టి తిప్పుతుంది. మధ్యస్థమైన ఎత్తులకు ఫ్రాన్సిస్ టర్బైను. నీరు ఎక్కువ, ఎత్తు తక్కువ అయితే ఓడ పంకాను పోలిన కప్లాన్ టర్బైను. పోలవరం వద్ద 80 మెగావాట్ల చొప్పున తలపెట్టిన 12 యూనిట్లు ఈ కోవకు చెందినవే.

దేశంలో తొలి జలవిద్యుత్ కేంద్రం 1897లో డార్జిలింగ్ సమీపంలోని సిద్రాపాంగ్ వద్ద 130 కిలోవాట్లతో మొదలైంది. 1902లో కావేరి మీది శివసముద్రం జలపాతం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులకు విద్యుత్తు చేరింది. తెలుగు, తమిళ కార్మికులు వేలాదిగా పనిచేసిన గనులవి. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో డుడుమ జలపాతం ఆసరాగా వచ్చింది. ఈ మూడు చోట్లా కొండలే ఎత్తును ఇచ్చాయి, మనుషులు నీటిని మళ్లిస్తే సరిపోయింది. కొండలు ఇవ్వని చోట ఎత్తును కట్టుకోవలసి వచ్చింది. సమస్యలు ముదిరింది అక్కడే.

ఎత్తుకు చెల్లించిన మూల్యం

శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు మునిగాయి, దాదాపు లక్ష మంది నిర్వాసితులయ్యారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరాలయాన్ని చూడటానికి నేడు యాత్రికులు వెళతారు. ఆలయం ఏటా కొన్ని నెలలైనా కనిపిస్తుంది. దాని చుట్టుపక్కల ఉండిన ఊళ్లకు ఆ భాగ్యం కూడా లేదు.

‘నది పరుగుతోనే నడిచేవి’ అని వ్యవహరించే పథకాలు ఈ నష్టాన్ని తప్పిస్తాయని ఒక వాదన ఉంది. ఈ పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. హిమాచల్‌ప్రదేశ్‌లో సట్లెజ్ నదిపై 1,500 మెగావాట్ల నాథ్పా ఝాక్రీ కేంద్రం ఈ తరహాదే. దాని ఆనకట్ట ఎత్తు 62.5 మీటర్లు మాత్రమే, పెద్ద జలాశయం లేదు. కానీ నీటిని 27 కిలోమీటర్ల సొరంగంలోకి మళ్లించి 400 మీటర్లకు పైగా దిగువకు పడవేస్తారు. ఇక్కడ కూడా పనిచేసేది పరుగు కాదు, పతనమే. మళ్లించిన నీరు సొరంగంలో ఉన్నంత దూరం అసలు నదీగర్భంలో ప్రవాహం తగ్గిపోతుంది. హిమాలయాల్లో నిటారు లోయలే ఈ ఎత్తును ఇస్తాయి. ఆ లోయల్లోనే హిమనదాలు, కొండచరియల ముప్పు కూడా ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వచ్చిన వరద రిషిగంగ కేంద్రాన్ని తుడిచిపెట్టి, తపోవన్ వద్ద సొరంగాల్లోని కార్మికులను బలిగొంది. 2023 అక్టోబరులో సిక్కింలో హిమనద సరస్సు తెగి 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్టనే కొట్టుకుపోయింది.

రెండు రాష్ట్రాల వివాదం దేని మీద?

శ్రీశైలంలో విద్యుదుత్పత్తిపై ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య వివాదం తరచూ రాజుకుంటుంది. 2021లో అది జలాశయాల వద్ద పోలీసులు మోహరించే వరకు వెళ్లింది. పైన చెప్పిన లెక్కను దృష్టిలో ఉంచుకుంటే ఈ వివాదం తేలిగ్గా అర్థమవుతుంది.

విద్యుత్తు తీసినందువల్ల నీరు ఖర్చు కాదు. టర్బైను దాటిన చుక్క చుక్కా సాగర్‌కు చేరుతుంది. ఖర్చయ్యేది ఎత్తు. 885 అడుగుల వద్ద ఉన్న నీటిని పోతిరెడ్డిపాడు ద్వారా రాయలసీమకు, తెలుగుగంగ మీదుగా చెన్నై దాహం తీర్చడానికి మళ్లించవచ్చు. తెలంగాణ వైపు కల్వకుర్తి ఎత్తిపోతల కూడా ఈ జలాశయం నుంచే నీరు తీసుకుంటుంది. ఒకసారి టర్బైను దాటి సాగర్ మట్టానికి దిగిన నీరు కరవు నేలకు తిరిగి ఎక్కదు. అదే విధంగా, శ్రీశైలానికి ఎగువనే పక్కకు మళ్లించిన ప్రతి టీఎంసీతో 60 లక్షల యూనిట్ల వరకు ఉత్పత్తి చేసే అవకాశం పోతుంది. శ్రీశైలం ఆమోదం పొందింది జలవిద్యుత్ ప్రాజెక్టుగానే అన్నది తెలంగాణ వాదన. సాగు, తాగునీటి అవసరాల తర్వాతే విద్యుత్తు రావాలన్నది ఆంధ్రప్రదేశ్ వాదన. టీఎంసీల భాషలో సాగే ఈ వాదోపవాదాల్లో అసలు పంపకానికి వచ్చిన వస్తువు అడుగులు. ఆ మాట వార్తల్లో అరుదుగా వినిపిస్తుంది.

ఎత్తిపోతల పథకాలు ఇదే లెక్కకు తిరగేసిన రూపం. ఒక టీఎంసీ నీటిని వంద మీటర్లు పైకి ఎత్తాలంటే భౌతికశాస్త్రం కోరే కనీస మూల్యం 77 లక్షల యూనిట్లు. పంపుల నష్టాలు దానికి అదనం. గోదావరిలో 100 మీటర్ల మట్టంలోని మేడిగడ్డ నుంచి 600 మీటర్లకు పైబడిన కొండపోచమ్మ సాగర్‌కు ఒక టీఎంసీ చేరాలంటే దాదాపు నాలుగు కోట్ల యూనిట్లు కనీసంగా కావాలి. ఎంత సమర్థమైన పంపైనా ఈ కనీసం కన్నా దిగువకు రాదు.

పోటుపాట్లు, అలలు

సముద్రం విషయంలోనూ ఎత్తు సూత్రం వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లో 1966లో ప్రారంభమైన 240 మెగావాట్ల రాన్స్ కేంద్రం, దక్షిణ కొరియాలో 2011 నుంచి నడుస్తున్న 254 మెగావాట్ల సిహ్వా కేంద్రం రెండూ నదీముఖాలకు, అఖాతాలకు అడ్డుకట్ట వేసి పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు తేడాను వాడుకునేవే. కట్ట లేకుండా సముద్రపు ప్రవాహంలోనే చక్రాలు దించిన స్కాట్లాండ్‌లోని మేజెన్ పథకం నాలుగు టర్బైన్లతో 6 మెగావాట్ల స్థాయిలో ఉంది. అక్కడి జలసంధిలో ప్రవాహం అసాధారణ వేగంతో సాగుతుంది కాబట్టే అది కూడా సాధ్యమైంది.

మన తీరంలో గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటు 11 మీటర్ల వరకు లేస్తుంది. సామర్థ్యం కాగితాల మీద వేల మెగావాట్లు. పశ్చిమ బెంగాల్ సుందరవనాల్లో దుర్గాదువాని పాయపై తలపెట్టిన 3.75 మెగావాట్ల పథకాన్ని మాత్రం మెగావాటుకు 63 కోట్ల రూపాయలకు మించిన వ్యయం వల్ల విరమించుకోవలసి వచ్చింది. కేరళలోని విళింజం వద్ద 1991లో ఐఐటీ మద్రాసు శాస్త్రవేత్తలు నిర్మించిన 150 కిలోవాట్ల అలల కేంద్రం మరో ప్రయత్నం. అలలు గదిలోని గాలిని పైకీ కిందికీ తోస్తే ఆ గాలి టర్బైనును తిప్పేది. శాస్త్రీయంగా విలువైన పాఠాలు నేర్పిన ఆ కేంద్రం వాణిజ్య ఉత్పత్తికి దారి తీయలేదు.

నదికి దూరంగా ఎత్తు

ఇప్పుడు దృష్టి పంప్డ్ స్టోరేజీ వైపు మళ్లింది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు మిగిలిపోతుంది, రాత్రికి కొరత పడుతుంది. మిగిలినప్పుడు దిగువ జలాశయం నుంచి పై జలాశయానికి నీటిని ఎత్తి, కొరత వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎత్తడానికి వంద యూనిట్లు ఖర్చు చేస్తే తిరిగి వచ్చేది 75 నుంచి 80. నష్టమే, అయినా ధర తక్కువ వేళ కొన్న విద్యుత్తును గిరాకీ వేళకు దాచుకున్నట్టవుతుంది. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల ఆరు యూనిట్లు, సాగర్‌లో ఏడు యూనిట్లు ఇలా రెండు వైపులా తిరగగలిగేవే. సాగర్ నుంచి వదిలిన నీటిని తిరిగి ఎత్తాలంటే అది దిగువన నిలవాలి. సత్రశాల వద్ద టెయిల్‌పాండ్ నిర్మించింది అందుకే. భూగర్భంలో ఇలాంటి భారీ యంత్రాలతో పనిచేయడంలోని ప్రమాదాన్ని 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో చెలరేగి తొమ్మిది మందిని బలిగొన్న మంటలు చూపాయి.

కొత్తగా వస్తున్న పథకాల్లో కొన్నింటికి నదితో నేరుగా పని లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల పథకంలో రెండు జలాశయాల మధ్య అదే నీరు పైకీ కిందికీ తిరుగుతుంది. ఒకసారి నింపాక ఎండకు ఆవిరైన మేరకు కలుపుతూ ఉంటే చాలు. నదిని అడ్డుకోనవసరం లేకపోవడం వీటి పెద్ద సుగుణం. కొండ మాత్రం కావాలి. తూర్పు కనుమల్లో అలాంటి కొండలు ఎక్కువగా ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లాలో. ఎగువ సీలేరు వద్ద 1,350 మెగావాట్ల పథకంతో పాటు ప్రైవేటు సంస్థల ప్రతిపాదనలు కూడా ఆ ప్రాంతానికి వచ్చాయి. అవి అయిదో షెడ్యూలు పరిధిలోని ఆదివాసీ భూములు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ భూసేకరణకు ముందు గ్రామసభలను సంప్రదించాలి. ఆ సంప్రదింపులు జరగకుండానే సర్వేలు చేపడుతున్నారని అక్కడి గ్రామాలు అభ్యంతరం చెబుతున్నాయి.